వీడియో మీద కాపీరైట్ నోటీసు వస్తే: క్లెయిమ్ నుంచి కౌంటర్ నోటిఫికేషన్ దాకా

‘కాపీరైట్’ అన్న మాటతో యూట్యూబ్ నుంచి మెయిల్ రాగానే చాలామంది చేసేది రెండింట్లో ఒకటి. భయపడి వీడియో తీసేస్తారు, లేదా కోపంతో డిస్ప్యూట్ బటన్ (క్లెయిమ్ తప్పని సవాలు చేసేది) నొక్కేస్తారు. రెండూ తొందరపాటే. న్యాయంగా నిలబడాల్సిన వీడియోలు భయం వల్ల పోతున్నాయి. ఊరికే పోయే చిన్న క్లెయిములు కోపం వల్ల స్ట్రైకుల దాకా వెళ్తున్నాయి. కచేరీలు పెట్టే సంగీతం మాస్టార్లు, జానపద గాయకులు, సినిమా రివ్యూలు చేసే కుర్రాళ్లు, పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, అందరికీ ఈ టెన్షన్ ఎప్పుడో ఒకప్పుడు తగులుతూనే ఉంది. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఒక్క పరీక్ష మొదట్నుంచీ గుర్తుపెట్టుకోండి. ‘ఈ భాగం వాడుకునే హక్కు నాకు ఎలా వచ్చింది?’ అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాయగలిగితేనే డిస్ప్యూట్‌కి వెళ్లండి. ‘అందరూ వాడుతున్నారు కదా’ అన్నది జవాబు కాదు.

మొదటి అడుగు: వచ్చింది క్లెయిమా, స్ట్రైకా?

ఈ రెండింటికీ పోలికే లేదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

కంటెంట్ ఐడీ క్లెయిమ్ అనేది ఎక్కువగా యంత్రం పెట్టేది. హక్కుదారు తన పాటను, సినిమాను యూట్యూబ్ వ్యవస్థకు ముందే ఇచ్చి ఉంచుతాడు. మీ వీడియోలో దానికి సరిపోలే ముక్క దొరికితే క్లెయిమ్ పడుతుంది. దాంతో ఏం చేయాలన్నది హక్కుదారు ఇష్టం: ప్రకటనల డబ్బు తాను తీసుకోవచ్చు, వీడియోను బ్లాక్ చేయవచ్చు, లేదా ఎంతమంది చూస్తున్నారో గమనిస్తూ ఊరుకోవచ్చు. ఏదైనా సరే, క్లెయిమ్ వల్ల ఛానల్‌కి స్ట్రైక్ పడదు.

స్ట్రైక్ వేరు. హక్కుదారు చట్టప్రకారం తొలగింపు అభ్యర్థన పంపి, దాన్ని యూట్యూబ్ ఒప్పుకుంటే వీడియో పోతుంది, ఛానల్ మీద స్ట్రైక్ పడుతుంది. దీని వెనక ఉన్నది అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ (డిజిటల్ మిలీనియం కాపీరైట్ యాక్ట్) చట్టం. మొదటి స్ట్రైక్‌కి కాపీరైట్ స్కూల్ అనే చిన్న పాఠం పూర్తిచేయాలి, 90 రోజులకు స్ట్రైక్ పోతుంది. ఆ 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ మొత్తం పోయే ప్రమాదం ఉంది. యూట్యూబ్ నుంచి డబ్బు వచ్చే పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో ఉన్నవాళ్లకు మాత్రం మూడో స్ట్రైక్ తర్వాత ఏడు రోజుల వెసులుబాటు ఉంటుంది.

కొన్నిసార్లు హక్కుదారు ‘ఏడు రోజుల్లో తీసేయండి’ అని షెడ్యూల్ చేసిన అభ్యర్థన పంపుతాడు. ఆ గడువులోపు మీరే వీడియో తీసేస్తే స్ట్రైక్ పడదు. స్ట్రైక్ పడ్డాక తీసేస్తే మాత్రం ఉపయోగం లేదు. వీడియో పోతుంది, స్ట్రైక్ ఉంటుంది.

మెయిల్‌లో ఉన్న లింకుల్ని నమ్మకండి. యూట్యూబ్ స్టూడియో విడిగా తెరిచి, కంటెంట్ పేజీలో రిస్ట్రిక్షన్స్ అన్న గడి చూడండి. నిజమైన నోటీసు అక్కడ కనపడుతుంది. అక్కడ ఏమీ లేకుండా, ‘ఈ ఫైల్ డౌన్‌లోడ్ చేసి వివరాలు చూడండి’ అంటూ మెయిల్ వస్తే అది ఛానల్ కొట్టేయడానికి వేసిన వల.

రెండో అడుగు: డీటెయిల్స్ పేజీ మొత్తం చదవండి

ఎవరు క్లెయిమ్ చేశారు, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా, ఆడియోనా, దృశ్యమా, మెలోడీయా (పాట వరస) అన్నది అందులో ఉంటుంది. ఈ తేడా ముఖ్యం. తెలుగు సినిమాల పాటల హక్కులు ఆదిత్య మ్యూజిక్, లహరి, సరిగమ లాంటి సంస్థల దగ్గర ఉంటాయి. అదే సినిమా దృశ్యాల హక్కు వేరేవాళ్ల దగ్గర ఉండొచ్చు. అందుకే ఒకే చిన్న క్లిప్ మీద రెండు క్లెయిములు పడటం వింతేమీ కాదు. ఒకదానికి జవాబు చెబితే రెండోది దానంతట పోదు.

ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచుకోండి. మీ అసలు రికార్డింగ్ ఫైళ్లు, ఎడిటింగ్ ప్రాజెక్టు, సంగీతం కొన్న రసీదు, లైసెన్స్ పేజీ, వాట్సాప్‌లో ఇచ్చిన అనుమతి, ఏది ఉంటే అది ఒక ఫోల్డర్‌లో వేయండి. గొడవ ముదిరాక వెతుక్కుంటే దొరకవు.

క్లెయిమ్ న్యాయమైనదే అని మీకే అనిపిస్తే, ఆ ముక్కను ట్రిమ్ చేయడం, పాటను మ్యూట్ చేయడం, వేరే పాట పెట్టడం స్టూడియోలోనే కుదురుతుంది. క్లెయిమ్ పోతుంది, వీడియో మిగులుతుంది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

మూడో అడుగు: మీ హక్కు ఏది?

డిస్ప్యూట్ ఫారంలో కారణాలు నాలుగే: ఇది పూర్తిగా నా సొంతం, నాకు లైసెన్స్ ఉంది, చట్టం ఇచ్చే మినహాయింపు నాకు వర్తిస్తుంది, ఇది పబ్లిక్ డొమైన్ (ఎవరి కాపీరైటూ లేనిది). మీ వీడియో ఎందులోకి వస్తుందో తేల్చుకోవడమే మొత్తం పనిలో కష్టమైనది.

*సంప్రదాయ సంగీతం.* త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. ఆయన కృతుల మీద ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ ఒక విద్వాంసుడు పాడిన రికార్డింగ్ మీద ఆ రికార్డింగ్ కంపెనీకి హక్కు ఉంటుంది. మీరే పాడి, మీ పక్కవాద్యాలతో రికార్డు చేసిన కృతి మీద క్లెయిమ్ పడితే, యంత్రం అదే రాగం, అదే సాహిత్యం విని పొరబడిందన్నమాట. ఇది ధైర్యంగా డిస్ప్యూట్ చేయాల్సిన కేసు. ఎవరి కాసెట్‌నో వెనక పెట్టి పాడి ఉంటే అలా కుదరదు.

అన్నమయ్య దగ్గర ఇంకో మెలిక ఉంది, చాలామంది గమనించరు. సాహిత్యం 15వ శతాబ్దానిది. కానీ ఈ రోజు మనం పాడుకునే చాలా కీర్తనలకు వరస కట్టింది 20వ శతాబ్దపు వాళ్లు: రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ వంటి పెద్దలు. భారత చట్టంలో సంగీత రచన మీద హక్కు కర్త మరణించాక 60 ఏళ్లు ఉంటుంది. రాళ్లపల్లి వారు 1979లో పోయారు, కాబట్టి ఆయన వరసల హక్కు 2039 చివరి దాకా ఉంటుంది. అందువల్ల ‘అన్నమయ్య కీర్తన కదా, ఎవరి హక్కూ లేదు’ అని రాసేముందు, పాడిన వరస ఎవరిదో తెలుసుకోండి. మెలోడీ క్లెయిమ్ అయితే మరీనూ.

*పాత సినిమాలు.* సినిమా మీద, సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1957లో విడుదలైన సినిమా మీద ఇండియాలో హక్కు 2017 చివరికి తీరిపోయింది. ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటే. పాట రాసినవారి, స్వరపరచినవారి హక్కు వాళ్ల మరణం నుంచి లెక్క. పింగళి నాగేంద్రరావు 1971లో, ఘంటసాల 1974లో కన్నుమూశారు. వాళ్ల రచనల మీద, స్వరాల మీద హక్కు 2031, 2034 చివరి దాకా ఉంటుంది. పైగా రంగులద్దిన, శుభ్రం చేసిన కొత్త ప్రింటు వాడితే దాని మీద వేరే వాదన వస్తుంది. అమెరికాలో గడువుల లెక్కే వేరు కాబట్టి, ఇక్కడ స్వేచ్ఛగా ఉన్నది అక్కడ బ్లాక్ కావచ్చు.

*జానపదం.* నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. తరతరాలుగా ఊళ్లో పాడుకునే పాటను ఎవరో స్టూడియోలో రికార్డు చేసి, డిస్ట్రిబ్యూటర్ ద్వారా కంటెంట్ ఐడీలోకి ఎక్కిస్తారు. తర్వాత ఆ పాట ఎవరు పాడినా క్లెయిమే, నాట్లేస్తూ పాడిన అమ్మల వీడియో మీద కూడా. యూట్యూబ్ సొంత నిబంధనల ప్రకారమే, తమకు మాత్రమే హక్కున్న కంటెంట్‌నే కంటెంట్ ఐడీకి ఇవ్వాలి, పబ్లిక్ డొమైన్‌లో ఉన్నదాన్ని ఇవ్వకూడదు. డిస్ప్యూట్‌లో ఆ మాట రాయండి. అయితే పాత పల్లవికి కొత్త చరణాలు రాసిన కవి ఉంటే, ఆ చరణాల మీద ఆయనకు హక్కు ఉంటుంది. మీరు పాడింది పాతదా, ఆయనదా అన్నది చూసుకోండి.

ఛానళ్లకు పాడే జానపద కళాకారులకు ఇంకొక్క మాట. కాపీరైట్ బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలని కాపీరైట్ చట్టం సెక్షన్ 19 చెబుతోంది. కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే అని అర్థం. ‘డబ్బులిచ్చాం కాబట్టి పాట శాశ్వతంగా మాదే’ అని ఎవరైనా నోటిమాటగా అంటే చట్టం ముందు అది నిలవడం కష్టం.

*రివ్యూలు, వార్తలు.* మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో ఫెయిర్ డీలింగ్ ఉంది. విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల మీద వార్త, సొంత అధ్యయనం, వీటి కోసం ఇతరుల రచనలోంచి తగినంత వాడుకోవచ్చు. ‘తగినంత’ అంటే ఎంత? పది సెకన్లు, ముప్పై సెకన్లు అనే లెక్క చట్టంలో ఎక్కడా లేదు. 1996లో సివిక్ చంద్రన్ కేసులో కేరళ హైకోర్టు చూసినవి మూడు: చేసిన వ్యాఖ్యతో పోలిస్తే తీసుకున్నదాని పరిమాణమూ విలువా ఎంత, ఏ ఉద్దేశంతో తీసుకున్నారు, అసలు రచనతో ఇది పోటీపడుతుందా. 2017లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో వచ్చిన హుస్సేన్‌జాదే కేసు యూట్యూబర్లకు బాగా పనికొస్తుంది. ఐదున్నర నిమిషాల లోపు వీడియోలోంచి మూడు నిమిషాల పైనే తీసుకున్నా, దాదాపు 14 నిమిషాల రియాక్షన్‌లో మధ్యమధ్య ఆపుతూ ప్రతి ముక్క మీదా విమర్శ చేశారు కాబట్టి అది ఫెయిర్ యూజ్ (అమెరికా చట్టంలో ఇలాంటి మినహాయింపు) అని జడ్జి తేల్చారు. పక్కన కూర్చుని నవ్వుతూ మొత్తం చూపించే రియాక్షన్లన్నీ అలా నిలుస్తాయని అనుకోవద్దని కూడా ఆ తీర్పులోనే హెచ్చరించారు.

సినిమా రివ్యూ చేసేవాళ్లు ట్రైలర్ ముక్క వేస్తే, దాని మీదే మాట్లాడండి. వెనక పాట వినిపించకుండా మీ గొంతు పెట్టండి. డిస్క్రిప్షన్‌లో ‘సెక్షన్ 107’ అంటూ అమెరికా చట్టం పేరాను అతికించడం, క్రెడిట్ ఇవ్వడం, వీడియోను అద్దంలోలా తిప్పడం, ఇవేవీ హక్కును తెచ్చిపెట్టవు.

*పెళ్లి వీడియోలు.* పెళ్లిలో, ఊరేగింపులో పాట వేయడానికి సెక్షన్ 52లోనే మినహాయింపు ఉంది. అది ఆ వేడుకలో మోగించడానికే. ఆ వీడియోను యూట్యూబ్‌లో పెట్టడానికి అది పనికిరాదు.

నాలుగో అడుగు: డిస్ప్యూట్ రాయడం

స్టూడియోలో ఆ క్లెయిమ్ పక్కన టేక్ యాక్షన్, అందులో డిస్ప్యూట్. అక్కడ రాసే నాలుగు మాటల్ని అవతల ఒక మనిషి చదువుతాడనుకునే రాయండి. చాలామంది ఇలా రాస్తారు:

‘ఇది నా కష్టం. నేను ఎవరిదీ కాపీ కొట్టలేదు. దయచేసి క్లెయిమ్ తీసేయండి.’

చదివేవాడికి ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇలా రాయండి:

‘1:10 నుంచి 5:40 వరకు వినిపించేది త్యాగరాజ కృతి. రచయిత 1847లో మరణించారు, రచన మీద కాపీరైట్ లేదు. గానం, వయొలిన్, మృదంగం మా బృందానివి, మేమే రికార్డు చేశాం. మీరు చూపిన రికార్డింగ్‌లోని ఏ భాగాన్నీ వాడలేదు. అసలు ఆడియో ఫైళ్లు మా దగ్గర ఉన్నాయి.’

రివ్యూ అయితే: ‘2:05 దగ్గర 8 సెకన్ల దృశ్యం, 4:30 దగ్గర 6 సెకన్ల దృశ్యం చూపించాం. రెండు చోట్లా ఆ దృశ్యంలోని ఎడిటింగ్ మీదే మా వ్యాఖ్యానం నడుస్తుంది. అసలు శబ్దం తీసేశాం. ఇది సెక్షన్ 52 ప్రకారం సమీక్ష కోసం చేసిన ఫెయిర్ డీలింగ్.’

నిమిషాలు, కారణం, ఆధారం. తిట్లు, బతిమాలడాలు వద్దు. ఇంగ్లీషులో రాయడం మంచిది, ఎందుకంటే క్లెయిమ్ చూసేవాళ్లు ఏ దేశంలో ఉంటారో తెలియదు.

డబ్బు వచ్చే వీడియో అయితే ఒక గడువు చూసుకోండి. క్లెయిమ్ పడ్డ ఐదు రోజుల్లోపు డిస్ప్యూట్ చేస్తే, క్లెయిమ్ పడ్డ మొదటి రోజు నుంచి వచ్చిన ఆదాయాన్ని యూట్యూబ్ పక్కన పెడుతుంది. చివరికి ఎవరు గెలిస్తే వాళ్లకు ఇస్తుంది. ఐదు రోజులు దాటితే, డిస్ప్యూట్ వేసిన రోజు నుంచే లెక్క.

ఐదో అడుగు: జవాబు కోసం ఆగడం, అప్పీల్

హక్కుదారుకు 30 రోజుల టైమ్ ఉంటుంది. ఆలోపు క్లెయిమ్ వదిలేయవచ్చు, కాదని నిలబెట్టవచ్చు, నేరుగా తొలగింపు అభ్యర్థన కూడా పంపవచ్చు. 30 రోజులు ఏమీ అనకపోతే క్లెయిమ్ దానంతట పోతుంది.

నిలబెట్టారనుకోండి, మీరు అప్పీల్‌కి వెళ్లొచ్చు. ఈసారి వాళ్లకు ఏడు రోజులే. వీడియోను బ్లాక్ చేసిన క్లెయిమ్ అయితే డిస్ప్యూట్ దాటేసి నేరుగా అప్పీల్ వేసే దారి కూడా ఉంది. కానీ అప్పీల్‌ని కూడా కాదనాలంటే వాళ్లకు మిగిలేది తొలగింపు అభ్యర్థనే, అంటే మీకు స్ట్రైక్. అందుకే అప్పీల్ నొక్కేముందు ఆ ఒక్క వాక్యం పరీక్ష మళ్లీ పెట్టుకోండి. వాళ్లు ఏడు రోజుల గడువుతో తొలగింపు షెడ్యూల్ చేస్తే, ఆలోపు అప్పీల్ వెనక్కి తీసుకునే అవకాశం మీకు ఉంటుంది. ఇప్పటికే రెండు స్ట్రైకులు ఉన్నవాళ్లు కేవలం పంతం కోసం ఇక్కడ తెగించకండి.

ఆరో అడుగు: స్ట్రైక్ పడితే

మూడు దారులు. 90 రోజులు ఓపిక పట్టడం మొదటిది. హక్కుదారుతో మాట్లాడి అభ్యర్థన వెనక్కి తీసుకోమని అడగడం రెండోది. పొరపాటున పడిన స్ట్రైక్ అయితే మర్యాదగా రాసిన ఒక మెయిల్‌తో తేలిపోవచ్చు. నోటీసులో హక్కుదారు మెయిల్ ఉంటుంది. వీడియో లింకు, నిమిషాలు, మీ ఆధారం రాసి పంపండి.

మూడోది కౌంటర్ నోటిఫికేషన్. ఇది కోర్టు గడప దగ్గర పెట్టే సంతకం అనుకుని ఆలోచించండి. మీ అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబర్ ఇవ్వాలి, అవి అవతలివాళ్లకు వెళ్తాయి. పొరపాటున, లేదా వేరేదనుకుని వీడియో తీసేశారని నిజంగా నమ్ముతున్నానని, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ప్రకటించాలి. కేసు వేస్తే అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నాననీ రాయాలి. అమెరికా బయట ఉన్నవాళ్లకు యూట్యూబ్ ఉన్న కాలిఫోర్నియా జిల్లా కోర్టు వర్తిస్తుంది. ఇంటి చిరునామా బయటపడటం ప్రమాదం అనిపించే ఆడవాళ్లు, జర్నలిస్టులు వకీలు ద్వారా పంపించడం మేలు.

అది అందాక హక్కుదారుకు 10 అమెరికా పనిదినాలు ఉంటాయి. శని, ఆదివారాలు, అక్కడి సెలవులు లెక్కలోకి రావు. ఆలోపు కోర్టుకెళ్లినట్టు రుజువు చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది, స్ట్రైక్ పోతుంది.

ఈ దారి పనిచేస్తుందనడానికి స్టెఫనీ లెంజ్ కేసు చూడండి. 2007లో పెన్సిల్వేనియాలోని ఈ తల్లి, వంటింట్లో తన పిల్లవాడు పాటకు గంతులేస్తున్న 29 సెకన్ల వీడియో పెట్టింది. వెనక వినిపించింది ప్రిన్స్ అనే అమెరికా గాయకుడి పాట. యూనివర్సల్ మ్యూజిక్ ఆ వీడియో తీయించింది. ఆమె కౌంటర్ నోటిఫికేషన్ ఇచ్చింది, వీడియో తిరిగి వచ్చింది. ఆమె అంతటితో ఆగకుండా కోర్టుకెళ్లింది. తొలగింపు నోటీసు పంపేముందు అది ఫెయిర్ యూజ్ అవునా కాదా అని హక్కుదారు ఆలోచించి తీరాలని 2015లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు చెప్పింది.

డబ్బు అడిగితే

‘ఇంత ఇస్తే స్ట్రైక్ తీసేస్తాం’ అన్న మాట రాగానే పంపేయకండి. లైసెన్స్ ఫీజు అడగడం తప్పు కాదు, తన హక్కు అమ్ముకునే స్వేచ్ఛ యజమానికి ఉంది. కానీ అడిగేవాడు నిజంగా యజమానేనా? ఏ క్లిప్, ఎంత కాలానికి, జీఎస్టీ బిల్లు ఇస్తారా, రిట్రాక్షన్ (అభ్యర్థన వెనక్కి తీసుకుంటున్నామనే మాట) ఎప్పుడు పంపుతారు? అన్నీ రాతపూర్వకంగా తెప్పించుకోండి. సమాధానం దాటవేస్తుంటే అనుమానించాల్సిందే. దొంగ స్ట్రైకులు వేసి గేమింగ్ ఛానళ్ల నుంచి డబ్బు గుంజబోయిన నెబ్రాస్కా వ్యక్తి మీద 2019లో యూట్యూబే కేసు వేసింది. అతను 25,000 డాలర్లు చెల్లించి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. తెలిసి తెలిసీ తప్పుడు నోటీసు పంపినవాడు నష్టపరిహారం కట్టాలన్నది డీఎంసీఏ సెక్షన్ 512లోనే ఉంది. మన చట్టంలో సెక్షన్ 60 ఉంది: కాపీరైట్ పేరుతో ఆధారం లేకుండా బెదిరిస్తే, ఆ బెదిరింపులు ఆపించమని, నష్టం ఇప్పించమని మీరే కోర్టుకెళ్లొచ్చు. బెదిరించినవాడు వెంటనే నిజంగా కేసు వేస్తే మాత్రం ఆ సెక్షన్ వర్తించదు.

మన దేశంలో గొడవ ముదిరితే

రాతపూర్వక ఫిర్యాదు సరైన వివరాలతో అందితే 36 గంటల్లో ఆ కంటెంట్‌ని ఆపాలని, 21 రోజుల్లోపు ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ అందుబాటులో ఉంచవచ్చని 2013 కాపీరైట్ రూల్స్‌లోని 75వ రూల్ చెబుతుంది. చిన్న ప్లాట్‌ఫామ్‌తోనో, మన దేశపు యాప్‌తోనో పేచీ వస్తే ఈ గడువు ఎత్తిచూపండి.

కావాలని చేసిన ఉల్లంఘనకు సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టగల నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. సినిమా మొత్తం పైరసీ చేసి పెట్టే ఛానళ్లు భయపడాల్సింది ఇందుకే. రివ్యూలో పది సెకన్ల ట్రైలర్ వేసినవాణ్ని ఈ సెక్షన్ పేరు చెప్పి ఎవరైనా ఫోన్‌లో భయపెడితే, ‘రాతలో పంపండి’ అని చెప్పి కాల్ వివరాలు దాచుకోండి.

కోర్టు సమన్లు వస్తే మాత్రం ఆ కవరు పక్కన పడేయొద్దు. మీరు హాజరు కాకపోతే మీ మాట వినకుండానే ఉత్తర్వు ఇచ్చేస్తారు. హక్కుదారు తాను ఉండే చోట, వ్యాపారం చేసే చోట కేసు వేసే వెసులుబాటు సెక్షన్ 62 ఇస్తుంది కాబట్టి, అది మీ ఊరి కోర్టు కాకపోవచ్చు. వకీలు ఫీజు భరించలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. సాధారణంగా ఆ ఆఫీసు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. సమన్ల కాపీ, ఆధార్, మీరు దాచుకున్న ఆ ఫోల్డర్‌లోని కాగితాలు తీసుకెళ్లండి.